7, 13 లకు భాజనీయతా సూత్రం: 1001 ని ఎవరూ ఎందుకు చెప్పరు?

పోచమ్మమైదాన్_పంతులు
పోటీ పరీక్షల పుస్తకం ఏది తెరిచినా 2, 3, 4, 5, 6, 8, 9, 11 లకు సూత్రాలు వరసగా ఉంటయి. 7 కాడికి వచ్చేసరికి "చివరి అంకెను రెట్టింపు చేసి మిగిలినదాంట్ల నుంచి తీసెయ్యాలె" అని ఒక్క లైను. 13 కు చాలా పుస్తకాలల్ల అది గూడ ఉండదు. తొమ్మిదంకెల సంఖ్య ఇస్తే ఆ రెట్టింపు పని ఏడు మెట్లు. నడుమల ఒక్క తీసివేత తప్పిందా, మొత్తం పాయె. 7 × 11 × 13 = 1001 అని ఒక్క మాట చెప్తే మూడింటికీ ఒకటే పద్ధతి సరిపోతది గదా!

తెల్వనోళ్ల కోసం: కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చెయ్యాలె. మొదటి గుంపు కలపాలె, రెండోది తీసెయ్యాలె, మూడోది కలపాలె, అట్ల పోవుడే. వచ్చిన జవాబు 7 తో పోతే అసలు సంఖ్య కూడా 7 తో పోతది. 11, 13 లకూ గదే.

ఇగ అసలు తిప్పలు: పిల్లలు కామాల కాడ కోస్తున్రు. 12,34,562 ఇస్తే 562 − 34 + 12 = 540, 7 తో పోదు అంటున్రు. నిజానికి పోతది. 1 | 234 | 562 అని కొయ్యాలె. 562 − 234 + 1 = 329 = 7 × 47. ఈ కామాల అలవాటు మాన్పించే ఉపాయం ఎవరికన్న ఉంటే చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
వేయి స్తంభాల గుడి ఉన్న ఊర్ల కూసొని 1001 గురించి అడుగుతున్రు. ఆ ఎక్కువ స్తంభం ఏడ నిలబెట్టాలె సార్?

గ్రూప్స్_హన్మకొండ
నా లెక్కన రెట్టింపు పద్ధతే నయం. పరీక్షల నాలుగైదు అంకెలకు మించి ఇయ్యరు. దానికి గుంపులు గింపులు ఎందుకు?

శేషం_ఒకటి
@గ్రూప్స్_హన్మకొండ నాలుగంకెలకు కూడా 1001 తోనే తక్కువ పని. 8736 తీసుకో. 736 − 8 = 728, అయిపోయింది. 728 అంటే 7 × 104, 13 × 56 కూడా. ఒక్క తీసివేతతో రెండూ తేలినయి. రెట్టింపు పద్ధతిల 873 − 12 = 861, మళ్ల 86 − 2 = 84. 7 సంగతి తేలింది, 13 సంగతి మొదటి నుంచి చూసుకోవాలె.

అంతకన్న పెద్ద తేడా శేషం కాడ ఉన్నది. 15 ని 7 తో భాగిస్తే శేషం 1. రెట్టింపు పద్ధతి చెయ్యి: 1 − 10 = −9, దీని శేషం 5. ఎందుకు మారింది? సంఖ్య 10క + ఖ అనుకో. మనం చేసేది క − 2ఖ. దాన్ని 10 తో గుణిస్తే 10క − 20ఖ, అంటే అసలు సంఖ్యలోంచి 21ఖ తీసేసినట్టు. 21 ఏడు గుణిజమే, అందుకే "పోతదా, పోదా" అన్న జవాబు చెడదు. కాని మెట్టు మెట్టుకూ శేషం అయిదింతలైకుంట పోతది. మూడు మెట్లు దిగినంక శేషం ఎంతో చెప్పాలంటే ఆ అయిదింతలన్నీ వెనక్కి విప్పాలె.

1001 పద్ధతిల ఆ గొడవ లేదు. 1000 = 1001 − 1 కాబట్టి 1000 ఉన్న చోట −1 పెడుతున్నం, 10 లక్షల కాడ +1, వంద కోట్ల కాడ మళ్ల −1. తీసేసేది ప్రతిసారీ 1001 గుణిజమే. అందుకని 7, 11, 13, 77, 91, 143 దేనితో భాగించినా శేషం అదే ఉంటది.

గ్రూప్స్_హన్మకొండ
శేషం మాట నిజమే. "7 తో భాగిస్తే శేషం 3 రావాలంటే ఖాళీల ఏ అంకె" అనే బిట్లు వస్తయి.

జమ్మికుంట_అక్క
పంతులు గారూ, కామాలు కొట్టేయమని మాత్రం చెప్పకండి. కామాలు పోయాక పిల్లలు ఎడమ నుంచి మూడేసి కోస్తారు, 123 | 456 | 2 అని. అది ఇంకా ఘోరం. కామాలు ఉండనిచ్చి, సంఖ్య కింద కుడి చివర నుంచి గీతలు గీయించండి, గీతకు మూడంకెలు. గీత కిందే గుర్తు రాయించాలి: కుడి చివర +, తర్వాత −, తర్వాత +. ఎడమ చివర ఒకటో రెండో అంకెలే మిగిలితే ముందు సున్నాలు పెట్టించండి, 001 | 234 | 562 అని. గుంపు నిండకపోతే పిల్లలకు అనుమానం వస్తుంది, పక్క గుంపులోంచి అంకె లాగేస్తారు.

ఇంకో చోట కూడా జారతారు. గుర్తులు ఎడమ నుంచి మొదలుపెడతారు. గుంపులు బేసి సంఖ్యలో ఉంటే ఏమీ కాదు. సరి సంఖ్యలో ఉంటే మొత్తం గుర్తు తిరగబడుతుంది. 8740 కి సరైనది 740 − 8 = 732, 7 తో శేషం 4. ఎడమ నుంచి చేస్తే 8 − 740 = −732, శేషం 3. భాజనీయత అడిగితే తప్పు బయటపడదు, శేషం అడిగితే మార్కు పోతుంది.

మానేరు_గట్టు
కామాలు కొట్టెయ్యకుంట, గీతలు గియ్యకుంట గూడ చెయ్యొచ్చు. మన కామాలు లక్షల పద్ధతి: చివర మూడంకెలు, దానికి ఎడమన రెండేసి. అంటే చివరి కామా దాటితే 1000 తో గుణించినట్టు, మిగిలిన కామా ఏది దాటినా 100 తో. 1000 బదులు ఎట్లాగూ −1. ఇగ 100 సంగతి: 7 తో శేషం 2, 11 తో 1, 13 తో 9, అంటే −4.

7 కు: ఎడమ గుంపుతో మొదలువెట్టు. రెట్టింపు చేసి పక్క గుంపు కలుపు, మళ్ల రెట్టింపు చేసి పక్కది కలుపు. ఆఖరి మూడంకెల కాడికి వచ్చినంక వాటిల నుంచి అప్పటిదాక వచ్చింది తీసెయ్.
12,34,562: 12 × 2 + 34 = 58. 562 − 58 = 504 = 7 × 72. పోయింది.

11 కు రెట్టింపు గూడ లేదు, గుంపులు ఉత్తగ కలుపుడే. 562 − (12 + 34) = 516, శేషం 10.

13 కు −4 తో గుణించాలె: 12 × (−4) + 34 = −14. 562 + 14 = 576, శేషం 4.

పంతులు సార్ తీసిన 329 తో సరి చూసుకోండ్రి. 11 తో శేషం 10, 13 తో శేషం 4, అవే వస్తయి. కోట్లున్నా ఇదే దారి. 3,47,21,905 ని 7 తో: 3 × 2 + 47 = 53; 53 × 2 + 21 = 127; 905 − 127 = 778, శేషం 1.

శేషం_ఒకటి
@మానేరు_గట్టు ఇది పక్కా. కాని మూడింటికీ ఒకటే లెక్క అన్న సుఖం పోయింది గదా. 1001 తో ఒక్కసారి 329 తీస్తే దానిమీదనే మూడు భాగహారాలు. నువ్వు మూడుసార్లు మొదటినుంచి రావాలె.

మానేరు_గట్టు
ఒక్క 7 కే చూడాలంటే నాది తొందర. మూడూ కావాలంటే మీది. బిల్లు మీద, చెక్కు మీద సంఖ్య కామాలతోనే వస్తది, తీసి మళ్ల రాసుకునుడు ఎవరు పెట్టుకుంటరు?

పోచమ్మమైదాన్_పంతులు
రెండూ బోర్డు మీద పెడుత. కామాల దారి 7 వరకే చెప్త, −4 అంటే పోరగాళ్లు బెదురుతరు.

కాజీపేట_జంక్షన్
కరీంనగర్ పిన్‌కోడ్ 505001, వరంగల్‌ది 506002. పెద్దదాంట్ల నుంచి చిన్నది తీసేసి జవాబు ఈడ రాయండ్రి.

గ్రూప్స్_హన్మకొండ
1001. పోస్టాఫీసోళ్లు గూడ ఈ గ్రూపుల ఉన్నరా ఏంది?

శేషం_ఒకటి
1 − 505 = −504, 2 − 506 = −504. 504 ఏడు గుణిజం, కాబట్టి రెండు పిన్లూ 7 తో పోతయి. హన్మకొండ 506001 పోదు, −505 వస్తది.

మంథని_కోడు
ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. గుంపులు కలిపి తీసేస్తే రుణ సంఖ్య రావచ్చు. −244 ని 7 తో భాగించిన శేషం అడిగితే పైథాన్ 1 ఇస్తది. సి, జావా −6 ఇస్తయి. రెండూ ఒకటే గాని, "శేషం 1 అయితే" అని షరతు రాసుకుంటే సి లో అది ఎప్పటికీ నిజం కాదు. శేషానికి 7 కలిపి మళ్ల శేషం తీస్తే సరి.

ఎక్సెల్‌ల ఇంకో గుంత ఉన్నది. 15 అంకెలు దాటిన సంఖ్య టైప్ చేస్తే ఆపైన ఉన్నవి సున్నాలు చేసేస్తది. 1001 కి అయిదో ఘాతం 1005010010005001, పదహారంకెలు. సెల్‌ల కొడితే చివరి 1 పోయి 0 కూసుంటది. 1001 తో నిశ్శేషంగా పోవాల్సిన సంఖ్య పోకుంట అయితది. పెద్ద సంఖ్యలను టెక్స్ట్‌గా పెట్టుకొని మూడేసి అంకెలు కోసుకోవాలె.

పాస్కల్_పిచ్చోడు
మంథని అన్న ఆ అయిదో ఘాతం రాసిండు, దాన్ని మూడేసి కోసి చూడండ్రి: 1 | 005 | 010 | 010 | 005 | 001. అది పాస్కల్ త్రిభుజంల (అంచులల్ల 1లు, లోపలి ప్రతి సంఖ్య దాని పైనున్న రెండింటి మొత్తం) 5వ వరస: 1, 5, 10, 10, 5, 1. వర్గం 1002001, ఘనం 1003003001, నాలుగో ఘాతం 1004006004001, అన్నీ అంతే. ద్విపద సిద్ధాంతంల 1000 + 1 పెట్టినట్టు, ఒక్కో గుణకం మూడంకెల అరల కూసుంటది. 12వ ఘాతం దాక ఈ అరలు సరిపోతయి, ఎందుకంటె 12వ వరసల అన్నిటికన్న పెద్దది 924. 13వ వరసల 1716 వస్తది, పక్క అరలకు పొంగుతది. మన కామాలతో రాస్తే మాత్రం ఇదేదీ కనపడదు. నాలుగో ఘాతం 10,04,00,60,04,001 అయితది, ఏముంది దాంట్ల?

అసలు సంగతి అది కాదు. ఆ త్రిభుజంల 14వ వరస (కొనకున్న ఒక్క 1 ని సున్నా వరస అనుకోవాలె): 1, 14, 91, 364, 1001, 2002, 3003, 3432... నడుమల మూడు పక్కపక్కన 1001, 2002, 3003! 1 : 2 : 3 నిష్పత్తిల మూడు పదాలు వరసగ ఉండే చోటు మొత్తం త్రిభుజంల ఇదొక్కటే (అద్దంల చూసినట్టు అటు పక్క వచ్చేది వదిలేస్తే).

గ్రూప్స్_హన్మకొండ
త్రిభుజానికి అంతే లేదు. ఇదొక్కటే అని ఎట్ల చెప్తవ్? ఏ వెయ్యో వరసలనో ఉండదా?

శేషం_ఒకటి
ఉండదు, రెండు సమీకరణాల పని. న వ వరసల క వ పదం (మొదటి 1 ని సున్నా పదం అనుకోవాలె), దాని పక్క పదం నిష్పత్తి (క + 1) : (న − క). ఇది 1 : 2 కావాలంటే న = 3క + 2. ఆ తర్వాతి జంట (క + 2) : (న − క − 1), ఇది 2 : 3 కావాలంటే 2న = 5క + 8. రెండూ కలిపితే 6క + 4 = 5క + 8, క = 4, న = 14. వేరే జవాబుకు చోటే లేదు.

కాజీపేట_జంక్షన్
కబడ్డీ కోర్టుల రెండు జట్లు కలిపి 14 మంది. అందుల నలుగురిని ఏరాలంటే 1001 రకాలు, అయిదుగురినైతే 2002, ఆరుగురినైతే 3003. ఏడుగురిని ఏరేటప్పుడు 4004 రావాలె గదా, 3432 ఏంది?

పాస్కల్_పిచ్చోడు
వరస నడిమికి వచ్చినంక పెరుగుడు తగ్గుతది. 3003 నుంచి 3432 కు నిష్పత్తి 7 : 8, 3 : 4 కాదు.
ఇంకోటి, పక్కనున్న 3003 కు వేరే గొప్ప ఉన్నది. 14 సి 6 (అంటే 14 ల నుంచి 6 ఏరే రకాలు), 15 సి 5, 78 సి 2, 3003 సి 1, వీటి ఎదురు పక్కవి నాలుగు, మొత్తం ఎనిమిది చోట్ల వస్తది. 1 ని వదిలేస్తే ఎనిమిది సార్లు వచ్చేది ఇప్పటిదాక తెలిసినంతల అదొక్కటే. మన 1001 నాలుగు సార్లే.

భద్రకాళి_బండ్
ఈ 1001 కొత్త సంగతేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో లబ్ధం అటూ ఇటూ ఒకేలా ఉండే గుణకారాలు కొన్ని ఇచ్చాడు. అందులో ఒకటి 11011011 × 91 = 1002002001. పైకి 1001 ఎక్కడా కనిపించదు. 11011011 లోంచి 11 బయటికి తీస్తే 1001001 మిగులుతుంది. ఆ 11 ని 91 పక్కన పెడితే 1001. అంటే లెక్క మొత్తం 1001 × 1001001. పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే.

ఆయనదే ఇంకొకటి: 142857143 × 7 = 1000000001.

పోచమ్మమైదాన్_పంతులు
ఆ 142857 అంటే 1/7 దశాంశం గదా. దానికీ 1001 కీ లంకె ఉన్నదా?

శేషం_ఒకటి
ఉన్నది, గట్టి లంకెనే. 999 × 1001 = 999999. అందుకే 7, 13 ల దశాంశాలు ఆరంకెలకొకసారి మళ్ల వస్తయి.

1/7 = 0.142857 142857... దీన్ని నడిమికి కొయ్యి: 142 + 857 = 999. 1/13 = 0.076923..., 076 + 923 = 999. 1/77 = 0.012987..., 012 + 987 = 999. 1001 కి కారణాంకం ఏదైనా (ఒకటి తప్ప) ఇట్లనే వస్తది. కారణం చిన్నదే. భిన్నాన్ని 1001 తో గుణిస్తే పూర్ణసంఖ్య వస్తది. 1001 రెట్లంటే 1000 రెట్లు, దానిమీద ఇంకో రెట్టు. 1000 రెట్లంటే దశాంశ బిందువు మూడు స్థానాలు జరుపుడే. కాబట్టి అసలు దశాంశం, మూడు స్థానాలు జరిపిన దశాంశం కలిస్తే బిందువు తర్వాత మొత్తం 999... రావాలె. ఒక్కో అంకె, దానికి మూడు స్థానాల అవతలున్న అంకె కలిసి 9: 1 + 8, 4 + 5, 2 + 7.

చేతిలెక్కకు పనికొచ్చేది ఏందంటే, 1/13 కు మూడంకెలదాక భాగహారం చేసి 076 రాసుకుంటే చాలు. మిగతా సగం 999 లోంచి తీసెయ్.

మానేరు_గట్టు
1/11 ఆరంకెలు కాదుగద? 0.0909...

శేషం_ఒకటి
రెండంకెలే. మూడుసార్లు రాస్తే ఆరు అయినట్టే: 090 + 909 = 999. సూత్రం చెడలే.

గ్రూప్స్_హన్మకొండ
1729 కు రామానుజన్ ఉన్నడు. 1001 కు ఎవలున్నరు?

పాస్కల్_పిచ్చోడు
చుట్టరికమే. 1729 = 91 × 19, 1001 = 91 × 11. 1729 రెండు రకాలుగా రెండు ఘనాల మొత్తం, 1001 ఒక్క రకంగనే, 10 ఘనం + 1. ఆ 10 ఘనం + 1 అన్నదాంట్లనే కారణాంకాలు దాగున్నయి: (10 + 1)(100 − 10 + 1) = 11 × 91. 91 కూడా ఘనాల మొత్తమే, 27 + 64.

సింగరేణి_షిఫ్ట్_బి
భాజనీయత ఒక్కటే పట్టుకున్నరు అందరు. పెద్ద గుణకారం సరిగ్గ వచ్చిందా అని చూసుకునేటందుకు 1001 ఎక్కువ అక్కరకొస్తది. మామూలుగా అంకెల మొత్తంతో, అంటే 9 తో చూస్తం. అంకెలు అటుఇటైతే 9 కి తెల్వదు.

4738 × 2659 = 1,25,98,342. ఎత్తి రాసేటప్పుడు 98 ని 89 చేసి 1,25,89,342 రాసిన్రనుకోండ్రి. 4738 అంకెలు 22, అంటే 4. 2659 కూడా 22, అంటే 4. నాలుగు నాల్లు 16, అంటే 7. జవాబు అంకెలు 34, అంటే 7. తప్పు జవాబు అంకెలు కూడా 34. పాస్ అయిపోయింది!

1001 తో: 738 − 4 = 734, 659 − 2 = 657. రెండింటి లబ్ధం 482 | 238, అంటే 238 − 482 = −244. సరైన జవాబు: 12 | 598 | 342, 342 − 598 + 12 = −244. కలిసింది. తప్పు జవాబు: 342 − 589 + 12 = −235. దొరికిపోయింది.

గ్రూప్స్_హన్మకొండ
734 × 657 చేసుడంటే అసలు గుణకారమంత పని. ఇది సరి చూసుకునుడా, ఇంకో లెక్క నెత్తినేసుకునుడా?

సింగరేణి_షిఫ్ట్_బి
ఆ గుణకారం ఎవలు చెయ్యమన్నరు? 734, 657 లను 13 తో శేషాలు చెయ్. 6, 7. ఆరేళ్లు 42, శేషం 3. జవాబుది −244, 13 తో శేషం 3. అయిపాయె.

ఒక్కదానితోనే చూసే టైముంటే 13 నే పట్టుకో. 7 తో చూస్తే 1 బదులు 8, 2 బదులు 9, 0 బదులు 7 పడినా తెల్వదు, తేడా 7 గదా. 11 తో చూస్తే ఒక్క అంకె తప్పితే దొరుకుతది, పక్కపక్క అంకెలు మారినా దొరుకుతది. నడుమ ఒక అంకె విడిచి మారితే దొరకదు, ఆ తేడా 99 గుణిజం. 13 తో అవి గూడ దొరుకుతయి.

మంథని_కోడు
13 కు, మొత్తం 1001 కు గూడ చిక్కేది ఒకటున్నది: ఆరు స్థానాల దూరంల ఉన్న అంకెలు మారితే. ఆ తేడా 999999 గుణిజం, అది 1001 గుణిజమే. అట్లనే 12 | 598 | 342 ని 342 | 598 | 12 అని రాస్తే మొదటి, మూడో గుంపులు రెండూ కలిపేటివే కాబట్టి −244 నే వస్తది. చేతితో ఎత్తి రాసేటప్పుడు అంత దూరం మారుడు అరుదు, కాని డేటా ఫైల్ల కాలమ్స్ తారుమారైతే వస్తది.

జమ్మికుంట_అక్క
తరగతిలో పిల్లలు ఎగబడే ఆట ఒకటి. 1001 కన్నా చిన్న సంఖ్య మనసులో అనుకోమనండి. 7, 11, 13 లతో భాగించి మూడు శేషాలు మాత్రమే చెప్పమనండి. సంఖ్య మనం చెప్పేయొచ్చు. 7 శేషాన్ని 715 తో, 11 శేషాన్ని 364 తో, 13 శేషాన్ని 924 తో గుణించి కలిపి, మొత్తంలోంచి 1001 లు తీసేయాలి.

924 పెద్దదిగా ఉందంటే దాని బదులు 77 తీసేయండి. 924 = 1001 − 77 కాబట్టి ఫలితం ఒకటే. శేషాలు 2, 3, 4 అన్నారనుకోండి. 1430 + 1092 − 308 = 2214. రెండు 1001 లు తీస్తే 212.

715 ఎక్కడిదంటే, 11, 13 లతో నిశ్శేషంగా పోవాలి, 7 తో శేషం 1 రావాలి. 143 రెట్లు చూసుకుంటూ పోతే 143 × 5 దగ్గర దొరుకుతుంది. మిగతా రెండూ అంతే. ఆర్యభటుడి కుట్టకం చేసే పని ఇదే, ఇక్కడ సంఖ్యలు చిన్నవి కాబట్టి చూపుతోనే అయిపోతుంది. ఎక్కువ మంది పిల్లలు తప్పేది భాగహారంలో, శేషం 7 చెప్పేవాళ్లూ ఉంటారు. ముందే మూడు శేషాలూ 7, 11, 13 ల కన్నా చిన్నవో కావో చూసుకోండి.

భద్రకాళి_బండ్
212 కు 1001 కలిపితే 1213. రామప్ప గుడి కట్టిన సంవత్సరం, ప్రధాన సంఖ్య కూడా. వేయి స్తంభాల గుడి 1163, అదీ ప్రధాన సంఖ్యే. కాకతీయులు చూసుకొని కట్టించారనకండి మళ్ళీ.

పాస్కల్_పిచ్చోడు
అక్కా, ఆ మూడు సంఖ్యలు చూసిన్రా? 715 = 13 సి 4. 364 = 14 సి 3. 924 = 12 సి 6. మూడింటికి మూడు పాస్కల్ త్రిభుజంలయే!

కాజీపేట_జంక్షన్
నీకు ఇంటి కరెంటు బిల్లు గూడ పాస్కల్ త్రిభుజంలనే కనపడతది.

జమ్మికుంట_అక్క
కాకతాళీయం అయి ఉంటుంది. ఆ ప్రాంతంలో ద్విపద గుణకాలు దట్టంగా ఉన్నాయి.

శేషం_ఒకటి
పూర్తిగ కాకతాళీయం కాదక్కా. 12 సి 6 చూడండ్రి: పైన 12·11·10·9·8·7, కింద 720. పైన 7, 11 ఉన్నయి, 720 ల లేవు, కాబట్టి 77 గుణిజం కాక తప్పదు. 13 తో శేషం: ప ప్రధాన సంఖ్య అయితే (ప − 1) వరసల పదాల శేషాలు +1, −1, +1, −1 అని మారుతుంటయి. 12వ వరసల 6వది సరి స్థానం, అందుకే +1.

13 సి 4 ల 13, 11 ఉన్నయి. 7 తో శేషానికి లూకాస్ సిద్ధాంతం (రెండు సంఖ్యలనూ 7 ఆధారంగ రాసి, అంకెకు అంకె 'సి' తీసి గుణిస్తే శేషం అదే): 13 అంటే 1 × 7 + 6, కాబట్టి (1, 6), 4 ని (0, 4). కాబట్టి శేషం 6 సి 4 = 15, అంటే 1. 14 సి 3 ల 7, 13 ఉన్నయి. 11 ఆధారంగ 14 అంటే (1, 3), 3 అంటే (0, 3), శేషం 3 సి 3 = 1.

మూడూ 1001 కన్న చిన్నగ ఉండుడే మన అదృష్టం. మిగతాది ముందే రాసిపెట్టి ఉన్నది.

పాస్కల్_పిచ్చోడు
@కాజీపేట_జంక్షన్ చదివినవా?

కాజీపేట_జంక్షన్
చదివిన. పెండ్లి చదివింపులల్ల 1116 ఎందుకు రాస్తరో, 1001 ఎందుకు రాయరో అది చెప్పు ముందు. 116 − 1 = 115, 7 తో పోదు, 11 తో పోదు, 13 తో పోదు. ముగ్గురు అన్నదమ్ములకూ పంచరాదు.

మానేరు_గట్టు
ముగ్గురికి పంచొచ్చు, 1116 = 36 × 31, తలా 372.

మంథని_కోడు
1001 కు సంబంధించి ఇంకో రెండు లెక్కలు, ఎవరికన్న బిట్లకు పనికొస్తయేమో. 1001 కన్న చిన్నవి, దానితో ఉమ్మడి కారణాంకం లేనివి 6 × 10 × 12 = 720, అంటే 6 ఫాక్టోరియల్. కారణాంకాలన్నీ కలిపితే 8 × 12 × 14 = 1344, అందులోంచి 1001 తీస్తే 343, అంటే 7 ఘనం. రెండు వర్గాల తేడాగ నాలుగు రకాలు: 45, 32; 51, 40; 75, 68; 501, 500. రెండు వర్గాల మొత్తంగ మాత్రం రాయరాదు. 7, 11 రెండూ 4 తో భాగిస్తే శేషం 3 వచ్చేటివి, ఒక్కోసారే ఉన్నయి.

పోచమ్మమైదాన్_పంతులు
7, 11, 13 అయినయి. పిల్లలు తర్వాత 17 అడుగుతరు. దానికి గూడ 1001 లాంటిది ఏదన్న ఉన్నదా?

శేషం_ఒకటి
ఉన్నది గాని లాభం లేదు. 17 పోయే మొదటిది 10,00,00,001 (1 తర్వాత ఏడు సున్నాలు, 1). ఎనిమిదేసి అంకెల గుంపులు కొయ్యాలె. 19 కైతే తొమ్మిదేసి, భద్రకాళి వారు రాసిన 1000000001 = 7 × 11 × 13 × 19 × 52579. నాలుగేసి గుంపులు కోస్తే 10001 = 73 × 137. అవి ఎవరికి కావాలె?

మానేరు_గట్టు
17 కు నా కామాల పద్ధతే పట్టుండ్రి. 102 = 17 × 6, కాబట్టి 100 బదులు −2. 1003 = 17 × 59, కాబట్టి చివరి కామా కాడ −3.
12,34,562: 12 × (−2) + 34 = 10. 10 × (−3) + 562 = 532. 17 × 31 = 527, శేషం 5. క్యాలిక్యులేటర్ల సరి చూసుకోండ్రి, 17 × 72,621 = 12,34,557.